ఇసుకరేణువు నడక నెరిగిన రాల్ఫ్ బాగ్నాల్డు

ఈపురుపాలెమునకు దిగువనున్న సముద్రతీరమున గాలి గట్టిగా వీచునపుడు ఇసుకదిబ్బలపై నిలిచిన బాలునికి పిక్కలపై ఇసుక చురుక్కున తగులును; ముఖమునకు మాత్రము తగలదు. ఇది మా విద్యార్థులందరికిని అనుభవమే. ఎందుచేతనని అడిగినవానిని మే మింతవరకు చూడలేదు. అడిగి, యుత్తరము దొరకువరకు విడువని యొక సైనికుని చరిత్రము నిచట వ్రాయుచున్నాము.

రాల్ఫ్ బాగ్నాల్డు 1896లో ఇంగ్లండునందలి డెవన్‌పోర్టున జన్మించెను. తండ్రివలెనే సైన్యమున ఇంజనీరై, మొదటి మహాయుద్ధమున ఫ్రాన్సునందు పనిచేసి, పిదప కేంబ్రిడ్జిలో చదివి, 1926లో ఈజిప్టు చేరెను. సెలవు దొరకినప్పుడెల్ల ఫోర్డు కారులలో లిబియా యెడారికి పోయెడివాడు. కూరుకొనిపోయిన బండిని త్రవ్వి తీయుచు, యంత్రమున కాగిన నీటి యావిరిని పోనీయక పట్టి మరల వాడుకొనుచు, వేలకొలది మైళ్లు తిరిగెను. అచట నెలవంకలవంటి యిసుకదిబ్బలు గాలి పోవు దిక్కునకు కదలుచుండియు ఆకారము చెడకుండుట ఆయనకు మిక్కిలి వింతయయ్యెను.

1935లో కొలువు విడిచి, లండను ఇంపీరియల్ కళాశాలలో గాలిసొరంగము నొకదానిని స్వయముగా నిర్మించుకొని, అందు ఇసుక పరచి పరిశీలించెను. గాలి యిసుకను ధూళివలె ఆకాశమున కెత్తుకొని పోదు. రేణువు గంతువేసి, వంపుగా సాగి, నేలపై బడి, ఆ దెబ్బతో మరికొన్నిటిని లేపును. తనకంటె 200 రెట్లు బరువైన రేణువునైనను అది నెట్టగలదు! గాలివేగము రెట్టింపైనచో కొట్టుకొనిపోవు ఇసుక సుమారు 8 రెట్లగును. ఈ గంతులు నేలకు దగ్గరగానే సాగును గనుక పిక్కలకు దెబ్బయు ముఖమునకు రక్షణయు కలుగుచున్నవి. ఎడారిరాళ్లును ఇట్లే మొదట నధికముగా నరగును; కొన్నియెడల బోర్లించిన పడవలవంటి మెట్టలు గాలివాలున నిలిచియుండును.

1940లో యుద్ధ మాయనను మరల ఎడారికి పిలిచెను. అచట ఆయన కూర్చిన దూరసంచార దళము సైనికచరిత్రలో పేరొందినది. అయినను మేము ఆ దళపతికంటె, గాలిసొరంగము చెంత రేణువులను కనిపెట్టి చూచిన బాగ్నాల్డునే యెక్కువగా నెంతుము. ఆ శ్రమఫలమైన గ్రంథము 1941లో వెలువడెను. 1944లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా నెన్నుకొనెను.

అంగారకునిపై వాయుపీడనము మన భూమిపైనున్న దానిలో నూరవవంతునకును తక్కువ. శుక్రునిపై సుమారు 90 రెట్లు. రెండింటను ఇసుకదిబ్బలు కలవు. పలుచని గాలిలో రేణువును లేపుటకు వేగ మధికముగా వలయును. లేచినపిదప, ఆకర్షణ తక్కువగుటచే, అది మిక్కిలి దూరము పోవును. ఈ లెక్కలకు శాస్త్రజ్ఞులు బాగ్నాల్డు సూత్రములనే మొదలుగా గొనిరి. ఆయన 1990లో, 94వ యేట, మరణించెను. 2015లో క్యూరియాసిటీ యను యంత్రశకటము అంగారకునిపై గేల్ బిలమునందలి నల్లని యిసుకదిబ్బలను చేరెను. వానికి బాగ్నాల్డు దిబ్బలని పేరు. అవి యేడాదికి 1 మీటరువరకు కదలుచున్నవి.