గిడుగువారి ఓటములు

ఏటా ఆగస్టు 29న బడుల్లో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి చిత్రపటానికి పూలమాల వేసి, వాడుకభాషను గెలిపించిన వీరుడని కీర్తిస్తాము. ఆయన ఎన్నిమార్లు ఓడిపోయారో మాత్రం పిల్లలకు చెప్పము.

శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు, బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ కాగానే 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులయ్యారు. పై పరీక్షలన్నీ కొలువు చేస్తూ ప్రైవేటుగా వ్రాసినవే. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషపై ఆసక్తి కలిగింది. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని నేర్చుకున్నారు. వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు.

కొండల్లో తిరుగుతుండగా మలేరియా పట్టుకుంది. జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. లిపిలేని భాషను చెవితో విని కాగితంపై పెట్టవలసిన మనిషికి వినికిడి పోవడం కంటె పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన సవర భాషను విడిచిపెట్టలేదు. కుమారుడు సీతాపతి చేదోడుగా నిలిచారు.

రెండవ ఓటమి నలుగురి ఎదుట జరిగింది. విద్యార్థులు వాడుకభాషలో పరీక్ష వ్రాయవచ్చునా అన్న వివాదంపై మద్రాసు ప్రభుత్వం వేసిన సంఘంలో గిడుగువారూ సభ్యులే. అధికసంఖ్యాకులు గ్రాంథికం వైపే మొగ్గారు. ఆయన 1914లో తన అసమ్మతిని విడిగా వ్రాసి ఇచ్చారు. ఫలితం మాత్రం మారలేదు. అప్పటికి యాభై దాటిన వయస్సు, ఉద్యోగ విరమణ కూడా అయినది. ఇక చాలునని ఇంట కూర్చున్నా తప్పుపట్టేవారు లేరు. ఆయన ఊరూరా తిరిగి సభలు పెట్టి, గ్రాంథికమే వ్రాయాలన్న పండితుల రచనల్లోనే వ్యాకరణ దోషాలను ఎత్తిచూపారు. 1919లో కందుకూరి వీరేశలింగంగారు అధ్యక్షులుగా వాడుకభాషకు ఒక సమాజం ఏర్పడితే, కొద్ది నెలలకే వీరేశలింగంగారు గతించారు. ఆ ఏడే గిడుగు స్థాపించిన ‘తెలుగు’ మాసపత్రిక ఏడాదికి మించి నడవలేదు. (ఈ వ్యాసానికే కొంత గ్రాంథిక వాసన ఉన్నదని ఆయన నవ్వుకొనేవారేమో!)

సరిహద్దు పల్లెల వారమైన మనకు మరింత తగిలేది 1936. పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రంలోనే ఉండాలని ఆయన పోరాడారు. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడగా ఊరు అందులో చేరింది. పాఠం చెప్పి, పిల్లలను పెంచిన ఊరిని డెబ్బై మూడో ఏట విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఊరు వదిలి వెళ్లడం సబబా అని మనలో కొందరు అడగవచ్చు. ఉండిపోయిన కుటుంబాలకు ఆ ప్రశ్న సహజమే. ఆయన దుఃఖాన్ని మాత్రం మనం తూచలేము.

అయితే వెంట తెచ్చుకున్న పని ఆగలేదు. వినిపించని చెవులతో పూర్తిచేసిన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. అంతకు కొద్దిరోజుల ముందు కూడా, వాడుకభాషలో వ్రాయండని పత్రికలవారికి విన్నవిస్తూనే ఉన్నారు.