జాబులకు ఎల్లలు తొలగించిన మహనీయుడు

ఆర్.కె.పేటలో మనము వేసిన జాబు నగరికి పోవలెనన్నను, మలేసియాలోని బంధువునకు చేరవలెనన్నను, తగిన తపాలాబిళ్ల నంటించి నిశ్చింతగా నుందుము. దారిలోని దేశములకు వేరుగా రుసుము చెల్లింప నక్కరలేదు. ఈ సౌకర్యమునకు మూలపురుషుడు హైన్రిక్ ఫాన్ స్టెఫాన్.

ఆయన 1831 జనవరి 7వ తేదీన ప్రష్యా రాజ్యమందలి స్టోల్ప్ పట్టణమున ఒక దర్జీ యింట జన్మించెను. 1848లో తపాలా కొలువున చేరి, స్వయంకృషిచే క్రమముగా ఉన్నతపదవుల నందెను. నాటి జర్మనీ అనేక రాజ్యములుగా చీలియుండెను. తపాలాలును వేర్వేరుగా నుండెను. థర్న్-టాక్సిస్ ప్రభువంశమువారు తరతరములుగా నడపిన తపాలా, 1867లో ఆయన నేర్పువలన ప్రష్యా రాజ్యమునకు సంక్రమించెను. 1870లో ఆయన ఉత్తర జర్మనీ తపాలాశాఖకు అధిపతి యయ్యెను.

అప్పటికి దేశదేశమునకును నడుమ ప్రత్యేకపు ఒడంబడికలే యుండెను. దారి మారిన రుసుము మారెడిది. ప్రపంచమంతయు ఒకే తపాలాక్షేత్రము కావలెనని స్టెఫాన్ 1868లోనే ప్రతిపాదించెను. ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి ఆ యత్నము కొంతకాలము నిలిచెను. తుదకు 1874లో స్విట్జర్లాండునందలి బెర్ను నగరమున 22 రాజ్యముల ప్రతినిధులు సమావేశమై, అక్టోబరు 9న సంధిపత్రముపై సంతకము చేసిరి. వసూలైన రుసుమును ఏ దేశమున కా దేశమే యుంచుకొనవలెననియు, పరదేశపు జాబును స్వదేశపు జాబువలెనే చేరవేయవలెననియు నిర్ణయమయ్యెను. భారతదేశము 1876లో ఆ సమితిలో చేరెను. ఇరుగుపొరుగు దేశములు తమలో తాము మరింత సన్నిహితముగా కూడుటకును సమితి యవకాశ మొసగెను. 1962లో నెలకొని, నేడు ఆసియా-పసిఫిక్ తపాలా సమితి యనబడు సంస్థ యట్టిదే. మన దేశమును అందు సభ్యురాలు.

ఇందొక విశేషము గలదు. స్టెఫాన్ మాతృభాషాభిమాని. తన శాఖలో వాడుకయందున్న వందలాది ఫ్రెంచి పదములను తొలగించి, జర్మను పదములను నెలకొల్పెను. అట్టివాడే ప్రపంచ సమితికి ఫ్రెంచి భాష అధికారభాష కాగా సమ్మతించెను. ఇంట తన భాష, పదుగురిలో పదుగురకు తెలిసిన భాష అనుట ఆయన మార్గము. 1897 ఏప్రిల్ 8న బెర్లినులో ఆయన పరమపదించెను.

1960 ఏప్రిల్ 1న మన ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమున చేరెను. ఎల్ల మారెను గాని, ఆవలి బంధువులకు మనవారు వ్రాయు తెలుగు జాబు ఆగలేదు. కావున తెలుగును విడువకుడు. తమిళమును శ్రద్ధతో నేర్వుడు. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావని ఆ దర్జీ కుమారుని జీవితము మనకు తెలుపుచున్నది.