సీటు కోసం వెళ్తే కొలువిచ్చారు

ఒక్కసారి ఊహించుకోండి. కాలేజీలో సీటు కావాలని వెళ్లారు. చేతిలో చెప్పుకోదగ్గ సర్టిఫికెట్ లేదు. చూపు సరిగా ఆనదు, దాంతో బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. వయసేమో 26. లోపలున్న పెద్దలు కాసేపు మీ పనితనం చూసి, మీకు సీటెందుకండీ, వచ్చి పాఠాలు చెప్పండి అన్నారు. ఎలా ఉంటుంది?

1919లో ద్వారం వెంకటస్వామినాయుడు గారికి ఇలాగే జరిగిందని విజయనగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. విద్యార్థిగా చేరదామని వచ్చిన మనిషి మహారాజా వారి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడయ్యారు. ఆ కాలేజీ పెట్టిందీ ఆ ఏడాదే. విజయరామ గజపతిరాజు గారు తన కొలువులోని ఒకాయన కొడుకు, చూపులేని కుర్రాడు, సంగీతం నేర్చుకోవాలని పెట్టించారట. చూపులేని పిల్లాడి కోసం పుట్టిన బడికి, చూపు మందగించిన మాస్టారు దొరికారన్నమాట. ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన ముందు నిలబడి వాయించడమంటే మాటలా? ఇప్పుడు మీరు వెళ్తున్న ఏ ఇంటర్వ్యూ బోర్డూ అంత కఠినంగా ఉండదు లెండి.

మరి సర్టిఫికెట్ లేని చోట ఏం పనిచేసింది? చెవి.

నాయుడు గారు 1893 దీపావళి నాడు బెంగళూరులో పుట్టారు, పెరిగింది విశాఖపట్నంలో. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు పట్టారు. పుస్తకం చదవడం కష్టమైనవాడికి విన్నదే పుస్తకం. ఎవరు పాడినా, వీణ వాయించినా విని, ఇంటికొచ్చి అదే తీగల మీద పలికించాలి. తప్పితే మళ్లీ మొదటికి.

ఇక్కడ ఫిడేలు గురించి ఓ మాట. అది మనది కాదు, యూరప్ నుంచి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితార్ లాంటివాళ్లు దాన్ని కర్ణాటక సంగీతానికి మలిచారు. తెల్లవాళ్లు నిలబడి వాయించేదాన్ని మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, తల భాగాన్ని పాదం మీద ఆనించి వాయించడం మొదలుపెట్టారు. అయితే దాని స్థానం పక్కవాద్యమే. ఆ పనేమన్నా తేలికా అంటే కాదు. గాయకుడు రాగం ఎత్తుకుంటే, ఏ రాగమో అప్పటికప్పుడు పట్టుకుని నీడలా వెంట నడవాలి. ఆయన ఆపగానే అదే దారిలో కాసేపు తనూ వాయించాలి. స్వరకల్పనలో ఆయన వేసిన దానికి వెంటనే జవాబివ్వాలి. రిహార్సల్ ఉండదు. అంటే పది మంది విద్వాంసుల బాణీలు ముందే చెవిలో ఉండాలి. నాయుడు గారు ఏళ్ల తరబడి చేసింది ఈ పనే.

దాదాపు అదే కాలంలో, ఇక్కడి సంగతేమీ తెలియకుండానే, అమెరికాలో ఓ కుర్రాడు ఇదే దారిలో నడిచాడు. చార్లీ పార్కర్. కాన్సాస్ సిటీలో పెరిగాడు, శాక్సఫోన్ వాయించేవాడు. 1936లో కుర్రతనంలో పెద్దవాళ్ల మధ్య వాయిస్తూ తడబడితే, డ్రమ్స్ వాయించే జో జోన్స్ తాళం పళ్లేన్ని నేల మీదకు విసిరేశాడు. అందరూ నవ్వారు. మరుసటి వేసవిలో పార్కర్ ఓ కొండప్రాంతంలో పని చూసుకుని, లెస్టర్ యంగ్ అనే పెద్ద విద్వాంసుడి రికార్డులు వెంట తీసుకెళ్లాడు. వాటిలోని ప్రతి స్వరం వచ్చేదాకా సాధన చేశాడు. 1940లలో బీబాప్ అనే వేగవంతమైన జాజ్ పుట్టించినవాళ్లలో అతనొకడు. విన్నవాళ్లకు అదంతా కొత్త. లోపల మాత్రం లెస్టర్ యంగ్ ఉన్నాడు. పాపం, 34 ఏళ్లకే, 1955లో పోయాడు.

మన నాయుడు గారిది అంత తొందరపాటు జీవితం కాదు. నామటుకు నాకు ఆయన కథలో 1919 కన్నా ఆ తర్వాతి పందొమ్మిదేళ్లే ముఖ్యం. ఉద్యోగం వచ్చింది గదా అని ఆగిపోలేదు. ఒక పక్క పిల్లలకు పాఠాలు, ఇంకో పక్క కచేరీలు. నారాయణదాసు గారి హరికథ, వాసా వెంకటరావు గారి వీణ, ఇవన్నీ ఒకే కప్పు కింద వినబడే చోట ఉన్నారు. పాశ్చాత్యులు కమాను నడిపే తీరునూ గమనించారు. చివరికి ఆయన కమాను ఒక్క లాగుడులో, గాయకుడు గుక్క తిప్పుకోకుండా పాడినట్టు, పొడవైన సంగతిని పలికించేది. గమకం మనది, నాదం నిండుదనం అటుది.

1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. 1938లో వేలూరులో, పక్కన గాయకుడు లేకుండా, వయొలిన్‌నే ప్రధానంగా పెట్టి కచేరీ చేశారు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. పక్కన కూర్చునే వాద్యం మధ్యలోకి వచ్చింది. పాట లేకుండా ఫిడేలు ఒక్కటే కచేరీని మోయగలదా అన్న అనుమానానికి అదే జవాబు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదిచ్చింది, 1957లో పద్మశ్రీ వచ్చింది.

1952లో ప్రపంచ ప్రఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మద్రాసు వచ్చినప్పుడు, జస్టిస్ పి.వి. రాజమన్నార్ గారింట్లో నాయుడు గారు వాయించారు. ఆ వాద్యం పుట్టిన సంప్రదాయంలో పెరిగిన మనిషి ఎదురుగా కూర్చుని, అదే వాద్యం ఇంకో భాషలో మాట్లాడడం విన్నాడు.

నాయుడు గారు 1964 నవంబరులో కన్నుమూశారు. కాలేజీ విజయనగరంలో నేటికీ నడుస్తోంది. పరీక్షకో ఇంటర్వ్యూకో ఆ ఊరెళ్లి, బస్సుకింకా టైముంటే, ఆ గేటు దగ్గర కాసేపు ఆగండి. తరగతులు జరుగుతుంటే ఎవరో ఒకరు అదే సంగతిని పదోసారి వాయిస్తూ వినబడొచ్చు.