భయం సడలితే బిగువు సడలుతుంది

నాయుడుపేట చుట్టుపక్కల పల్లెల్లో నెలలు నిండుతున్న అమ్మాయిని కదిలిస్తే రెండు దిగుళ్లు బయటపడతాయి. నొప్పులు ఓర్చుకోగలనా? అర్ధరాత్రి అవసరమైతే పెద్దాసుపత్రికి నెల్లూరు వెళ్లాలా, తిరుపతి వెళ్లాలా? ఇలాంటి భయాన్ని మామూలేనని కొట్టిపారేయకుండా, దాన్ని పోగొట్టడమూ వైద్యమేనని నమ్మిన డాక్టర్ గ్రాంట్లీ డిక్-రీడ్.

ఆయన 1890లో ఇంగ్లండ్‌లో పుట్టారు. కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు లండన్‌లో పేదలుండే వైట్‌చాపెల్‌కు ఓ కాన్పు కోసం వెళ్లారు. పగిలిన కిటికీలోంచి వాన జల్లు కొడుతోంది. క్లోరోఫాం ఇవ్వబోతే ఆ ఇల్లాలు వద్దంది. పెద్దగా హైరానా లేకుండానే ప్రసవించింది. ఎందుకు వద్దన్నావని అడిగితే, తనకు నొప్పే అనిపించలేదంది. ఆ జవాబు ఆయన్ను ఏళ్ల తరబడి వదల్లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో గల్లిపోలి వద్ద గాయపడ్డారు. తర్వాత కాన్పులు చేస్తూ ఒక సంగతి గమనించారు. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగితే భయం ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసును తెంచడానికి ఆయన ఎంచుకున్నవి నాలుగు: కాన్పులో ఏం జరుగుతుందో ముందే చెప్పడం, శ్వాస సాధన, ఒళ్లు వదులు చేయడం, తల్లిని ఒంటరిగా వదలకపోవడం.

1933లో దీనిపై పుస్తకం రాస్తే తోటి వైద్యులు చాలామంది ఎగతాళి చేశారు. 1948లో దక్షిణాఫ్రికా వెళ్లిపోయారు. తల్లులు మాత్రం ఆయన్ను వదల్లేదు. 1956లో బ్రిటన్‌లో సహజ ప్రసవం కోసం పెట్టిన సంఘానికి తొలి అధ్యక్షుణ్ని చేశారు. 1959లో కన్నుమూశారు.

ఆయన చెప్పిందంతా నిలవలేదు. నొప్పికి భయమొక్కటే కారణం కాదు. నొప్పి తగ్గించే మందు అడగడం, సిజేరియన్ అవసరం కావడం తల్లి తప్పు కాదు. కానీ భయాన్ని ముందే తగ్గించాలన్న మాట నిలిచింది.

మీరూ ఇలా చేయొచ్చు

* ఎడమవైపు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకోండి. ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, అంతకంటే నెమ్మదిగా వదలండి. ఊపిరి బిగపట్టొద్దు.
* పిడికిళ్లు, భుజాలు, దవడ ఒక్కొక్కటిగా కాస్త బిగించి వదిలేయండి. రోజూ పది నిమిషాలు చాలు.
* ఏ ఆసుపత్రికి వెళ్లాలో, వెంట ఎవరుంటారో ముందే ఖాయం చేసుకోండి. సగం దిగులు అక్కడే పోతుంది.

రెండు వారాలైనా ఆందోళన తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే డాక్టరుకు చెప్పండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రక్తస్రావం, విపరీతమైన తలనొప్పి, బిడ్డ కదలికలు తగ్గడం మాత్రం భయం కాదు. వెంటనే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి.