మందు దొరికింది 1747లో.. నావికులకు అందింది 1795లో

ఏటా మే 20న చాలా దేశాల్లో క్లినికల్ ట్రయల్స్ దినం జరుపుకుంటారు. కొత్త మందు గానీ, టీకా గానీ జనానికి ఇచ్చే ముందు కొందరి మీద పద్ధతిగా పరీక్షించి చూడటమే క్లినికల్ ట్రయల్. ఈ తేదీ వెనక ఉన్నది పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసరేమీ కాదు. ఇంగ్లండ్ యుద్ధ ఓడ మీద పనిచేసిన ఒక సర్జన్. పేరు జేమ్స్ లిండ్.

లిండ్ 1716లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఒక వ్యాపారి ఇంట్లో పుట్టారు. పదిహేనేళ్లకే ఒక సర్జన్ దగ్గర శిష్యుడిగా చేరి పని నేర్చుకున్నారు. 1739లో నౌకాదళంలో సర్జన్‌కు సహాయకుడిగా చేరి, మధ్యధరా సముద్రం, పశ్చిమ ఆఫ్రికా తీరం, వెస్టిండీస్ అన్నీ తిరిగారు.

ఆ రోజుల్లో ఓడ ఎక్కినవాడు తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. శత్రువు ఫిరంగుల కంటే రోగాలే ఎక్కువ మందిని తీసుకుపోయేవి. వాటిలో ముందుండేది స్కర్వీ. తాజా కూరగాయలు, పండ్లు లేకుండా ఎండు బిస్కెట్లు, ఉప్పు మాంసంతో రెండు మూడు నెలలు గడిస్తే చాలు, మనిషి నీరసించిపోతాడు. చిగుళ్లు వాచి రక్తం కారుతుంది, పళ్లు ఊడతాయి, ఎప్పుడో మానిన గాయాలు కూడా మళ్లీ తెరుచుకుంటాయి. ఆఖరికి ప్రాణం పోతుంది. 1740లో కమొడోర్ యాన్సన్ వెంట ప్రపంచం చుట్టి రావడానికి సుమారు 1,900 మంది బయల్దేరితే 1,300 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మందిని చంపింది రోగాలే. పోయినవాళ్లలో చాలామంది ఇష్టపడి చేరినవాళ్లు కూడా కాదు, రేవుల్లో బలవంతంగా పట్టుకొచ్చి ఓడ ఎక్కించిన పేదోళ్లు.

స్కర్వీకి మందులు లేవని కాదు, ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. నిమ్మజాతి పండ్లు పనిచేస్తాయని లిండ్ కంటే వందేళ్ల ముందే కొందరు ఓడ కెప్టెన్లకు తెలుసు. కానీ ఒక మందును ఇంకో మందు పక్కన పెట్టి, ఏది నిజంగా పనిచేస్తోందో తేల్చి చూసినవాళ్లు లేరు.

1747 మే 20న సాలిస్‌బరీ అనే ఓడ మీద లిండ్ ఆ పని మొదలుపెట్టారు. దాదాపు ఒకే తీరుగా జబ్బుపడ్డ 12 మందిని ఎంచుకున్నారు. అందరినీ ఒకే చోట పడుకోబెట్టి, అందరికీ ఒకే తిండి పెట్టించారు. పొద్దున చక్కెర వేసిన జావ, మధ్యాహ్నం తరచుగా మటన్ రసం. తర్వాత ఇద్దరేసి చొప్పున ఆరు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ లీటరు దాకా సైడర్, అంటే ఆపిల్ రసం పులియబెట్టిన పానీయం. ఇంకో జట్టుకు గంధకామ్లం కలిసిన మందు 25 చుక్కలు, రోజుకు మూడుసార్లు. మూడో జట్టుకు వెనిగర్. అందరికంటే రోగం ముదిరిన ఇద్దరికి సముద్రపు నీళ్లు! ఐదో జట్టుకు రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ. ఆరో జట్టుకు వెల్లుల్లి, ఆవాలు లాంటివి నూరిన ముద్ద, తాగడానికి చింతపండు పులుపు కలిపిన బార్లీ నీళ్లు. మన చింతపండు అక్కడిదాకా వెళ్లింది గానీ పెద్దగా ఫలితం చూపలేదు.

ఆరు రోజులకే ఓడలో పండ్లు అయిపోయాయి. అయినా ఆ రెండు మూడు డజన్ల కాయలు చేయాల్సింది చేసేశాయి. పండ్లు తిన్న ఇద్దరిలో ఒకరు డ్యూటీకి లేచారు. రెండో వ్యక్తి ఎంత కోలుకున్నాడంటే మిగతా రోగులకు సేవ చేసే పని అతనికే అప్పగించారు. సైడర్ తాగినవాళ్లు కొద్దిగా తేరుకున్నారు. మిగతావారికి చెప్పుకోదగ్గ గుణం కనిపించలేదు.

ఇంత స్పష్టంగా తేలాక మర్నాటి నుంచే ప్రతి ఓడలో నిమ్మకాయలు నింపాలి కదా! అలా జరగలేదు. తప్పంతా అధికారులదే అనడానికీ లేదు, లిండ్‌దీ కొంత ఉంది. 1748లో నౌకాదళం వదిలి ఎడిన్‌బరోలో ఎం.డి. పూర్తి చేసిన ఆయన, 1753లో స్కర్వీ మీద నాలుగు వందలకు పైగా పేజీల పుస్తకం రాశారు. అందులో ఈ పరీక్షకు దక్కింది కొద్ది పేజీలే. తేమ గాలికి చెమట రంధ్రాలు మూసుకుపోయి రోగం వస్తుందని ఆయన నమ్మకం. తిండిలో ఒక పదార్థం లోపిస్తే జబ్బు వస్తుందన్న ఆలోచనే అప్పటికి పుట్టలేదు. దాంతో కళ్లతో చూసిన ఫలితాన్ని కూడా ఆయన పది సలహాల్లో ఒకటిగా చెప్పి వదిలేశారు.

పండ్లు నెలల తరబడి నిల్వ ఉండవు కాబట్టి, రసాన్ని వేడి నీళ్ల మీద గంటల తరబడి చిక్కబరిచి సీసాల్లో పోసుకోమన్నారు. అసలు దెబ్బ ఇక్కడే పడింది. విటమిన్ సి వేడికి నశించిపోతుంది. ఆ సంగతి ఆయనకు తెలిసే వీల్లేదు, విటమిన్ సి ఏమిటో తేలింది 1932లో. కానీ తాజా పండ్లను పరీక్షించిన మనిషి, తాను కాచిన పాకాన్ని మాత్రం అదే పద్ధతిలో పరీక్షించి చూడలేదు. కెప్టెన్ కుక్ లాంటివాళ్లు ఓడల్లో ఆ పాకం తీసుకెళ్లి, దానితో పెద్దగా ఒరిగిందేమీ లేదని తేల్చేశారు. పాకంతో పాటు పండు కూడా నమ్మకం పోగొట్టుకుంది.

1758 నుంచి 1783 దాకా లిండ్ పోర్ట్స్‌మత్ దగ్గరి హాస్లర్ నౌకాదళ దవాఖానాకు పెద్ద డాక్టర్‌గా ఉన్నారు. స్కర్వీ రోగులు వందలుగా ఆయన ముందుకే వచ్చేవారు. ఓడల్లో శుభ్రత గురించి, వేడి దేశాల రోగాల గురించి ఆయన రాసిన పుస్తకాలకు మంచి పేరొచ్చింది. సముద్రపు నీటిని కాచి, ఆవిరి పట్టి మంచినీళ్లు తీసే పద్ధతి కూడా చూపించారు. కానీ నిమ్మరసం తప్పనిసరి అన్న ఆర్డర్ మాత్రం ఆయన ఉండగా రాలేదు.

1794 ఏప్రిల్‌లో సఫోక్ అనే యుద్ధ ఓడ ఇంగ్లండ్ నుంచి మన మద్రాసుకు బయల్దేరింది. ఈసారి కాచిన పాకం కాదు, మామూలు నిమ్మరసం. రోజూ ఒక్కొక్కరికి కొద్దిగా, తాగే సారాలో చక్కెరతో కలిపి ఇచ్చారు. ఆ ఓడ నడి సముద్రంలో ఉండగానే, జూలై 13న లిండ్ కన్నుమూశారు. సెప్టెంబర్‌లో, 23 వారాల తర్వాత సఫోక్ మద్రాసు చేరింది. దారిలో ఎక్కడా రేవు పట్టలేదు. అయినా స్కర్వీతో ఒక్కరూ చనిపోలేదు.

మరుసటి ఏడాదే, గిల్బర్ట్ బ్లేన్ అనే డాక్టర్ పట్టుబట్టడంతో, నౌకాదళం నిమ్మరసానికి ఒప్పుకుంది. లిండ్ పాతికేళ్లు పనిచేసిన హాస్లర్ దవాఖానాలో 1780లో చేరిన స్కర్వీ రోగులు 1,457 మంది. 1806లో ఒకరిద్దరే.