మూడుమార్లు మన యొద్దకు వచ్చిన దైవజనుడు - ఫాదర్ హయ్యర్



నూరేండ్లుగా దేవుడు చేసిన మేలులను జ్ఞాపకము చేసికొనుచున్న ఈ తరుణములో, గురజాలలో కాపురముండి పల్నాటి పల్లెలలో సువార్త ప్రకటించిన ఫాదర్ హయ్యర్ గారి జీవితమును తలపోయుట యుక్తమని మాకు తోచినది. ఆయన పేరు మన పెద్దలకు సుపరిచితమే. అయితే ఆయన మన దేశమునకు మూడుమార్లు వచ్చి మూడుమార్లు వెళ్లిపోయిరనియు, ఆ రాకపోకలలో దేవుని విశ్వాస్యత ఏలాగు వెల్లడి అయినదో అనియు మన యౌవనులలో అనేకులు ఎరుగరు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గారు 1793వ సంవత్సరము జూలై 10వ తేదీన జర్మనీ దేశములోని హెల్మ్‌స్టెడ్ పట్టణములో జన్మించిరి. నెపోలియను యుద్ధముల కాలములో, 1807లో, తల్లిదండ్రులు ఆ బాలుని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మేనమామ యొద్దకు పంపిరి. అక్కడనే ఆయన దైవసేవకు పిలుపు పొంది, అనేక సంవత్సరములు కొత్త వలస ప్రాంతములలో తిరిగి సంఘములను, సండేస్కూళ్లను స్థాపించిరి. 1839లో ఆయన భార్య మరణించెను. ఆ తరువాత రెండేండ్లకు, నలువది ఎనిమిదేండ్ల ప్రాయమున, అమెరికా లూథరను సంఘము విదేశమునకు పంపిన మొదటి మిషనెరీగా 1841 అక్టోబరులో బోస్టనులో ఓడ ఎక్కిరి. మరుసటి సంవత్సరము కొలంబోలో దిగి, తమిళదేశము మీదుగా మద్రాసు, నెల్లూరు చేరి, 1842 జూలై 31వ తేదీన గుంటూరులో అడుగుపెట్టిరి. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సు గారు ఆదరించి తోడ్పడిరి. పదేండ్ల క్రిందటనే నందన కరువు గుంటూరు సీమను చావులతో నింపియుండెను. అట్టి సీమలో హయ్యర్ గారు తెలుగు నేర్చుకొని, బీదల పిల్లలకు బడులు పెట్టించి, సువార్త ప్రకటించిరి.

కొలది ఏండ్లకే ఆరోగ్యము చెడి స్వదేశమునకు మరలవలసి వచ్చినది. ఇది మొదటి వీడ్కోలు. అయితే ఆ విరామమును ఆయన వ్యర్థపుచ్చలేదు. యాభై దాటిన వయస్సులో బాల్టిమోరులో విద్యార్థులతో కూర్చుండి వైద్యము అభ్యసించి, 1848లో వైద్యుడుగా తిరిగి వచ్చిరి.

ఆ మరుసటి సంవత్సరమే, 1849లో, ఆయన గురజాలకు వచ్చిరి. నేటి పల్నాటిని చూచి నాటి పల్నాటిని ఊహించుట కష్టము. సాగరు నీళ్లు 1967లో గాని రాలేదు. వానదేవుని కరుణ మీదనే జొన్న పండవలెను. నాపరాళ్లను, జొన్నకూటిని గూర్చి శ్రీనాథ మహాకవి చెప్పినవని పేరుపొందిన చాటువులు మనమందరము విన్నవే. వాటికి తోడు జ్వరముల భయము. నలగామరాజు ఏలిన ఆ గురజాలలో ఈ వృద్ధుడు కాపురముండి, ఊరూరు తిరిగి బోధించుచు రోగులకు మందు లిచ్చుచుండిరి. ఆయన మాటను చేకొన్నవారిలో అనేకులు ఊరి వెలుపల, అంటరానితనపు భారము క్రింద బ్రదుకుచున్న నిరుపేదలు. తమ గడప తొక్కి, తమ చేయి పట్టి నాడి చూచిన మనుష్యుని ద్వారా వారు దేవుని కృపను మొదట తెలిసికొనిరి. కృప అను మాటకు వారికి నిఘంటువు అక్కరలేకపోయెను.

ఆ దినములు కంటకములు లేని దినములు కావు. తోటి మిషనెరీ వాల్టర్ గన్ గారు 1851లో గుంటూరులోనే కన్నుమూసిరి. 1857లో హయ్యర్ గారు రెండవమారు సెలవు తీసికొని, అమెరికాలోని మిన్నెసోటాలో సంఘములను కూర్చుచు కాలము గడిపిరి. ఇంతలో ఆ దేశములో అంతర్యుద్ధము చెలరేగెను. సంఘములు చీలిపోయెను. పంపుటకు సేవకులు కరవై, రాజమండ్రి మిషనును ఆంగ్లికన్ మిషనరీ సొసైటీకి అప్పగించు ప్రయత్నములు జరిగెను. ఈ సంగతి చెవిని పడగానే హయ్యర్ గారు 1869లో పెన్సిల్వేనియా సంఘ మహాసభ యెదుట నిలిచి, తాము వెళ్లుటకు సిద్ధమని విన్నవించుకొనిరి. అప్పటికి ఆయనకు డెబ్బది ఆరేండ్లు! ఆ సంవత్సరము డిసెంబరులోనే రాజమండ్రి చేరిరి. ఆయనకు తోడుగా 1870లో వచ్చిన బెకర్ గారు కొద్ది వారములకే మరణించిరి. అదే ఏడు ష్మిట్ గారు, తరువాత పౌల్‌సెన్ గారు వచ్చి పనిని అందుకొనిరి. 1871లో వృద్ధుడు మూడవమారు, చివరిమారు, వీడ్కోలు చెప్పి వెళ్లిరి. 1873 నవంబరు 7వ తేదీన ఫిలడెల్ఫియాలో ప్రభువునందు నిద్రించిరి. పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్ గ్రామములో భార్య సమాధి ప్రక్కనే ఆయనను ఉంచిరి.

మేము వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదువుకొనునప్పుడు ఈయనను సాహసవంతునిగా నేర్చుకొంటిమి. సంఘ కాపరులమై కొన్ని ఏండ్లు గడచిన తరువాత వేరొక సంగతి మాకు గోచరమైనది. ఈ కథలో విడువక నిలిచినవాడు హయ్యర్ గారు కాదు. ఆయన మూడుమార్లు వెళ్లిపోయిరి. ఆయనను పంపిన దేవుడు ఒక్కమారును వెళ్లలేదు. దొరలు లేని ఏండ్లలో పేరు తెలియని మన తెలుగు ఉపదేశకులు, బడిపంతుళ్లు, ప్రార్థన చేసిన తల్లులు విశ్వాసుల కూటములను నిలిపిరి. ఆయన వైద్యపు సంచి మోసిన సీమకు 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ గారు వచ్చిరి. 1898లో గుంటూరులో ఆమె ఆసుపత్రి తెరువబడెను. 1927లో ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘము ఏర్పడెను. వీటిలో ఒక్కటియు హయ్యర్ గారు కన్నులార చూడలేదు.

విశ్వసించినవానికి వ్యాధి రాదనియు, అప్పు ఉండదనియు చెప్పు బోధ నేడు మన పట్టణములలో బహుగా వినబడుచున్నది. అదియే నిజమైతే గన్ గారిని, బెకర్ గారిని మనమేమందుము? వారి విశ్వాసము కొరతపడెనా? కాదు. దేవుని విశ్వాస్యత మన నష్టములను తప్పించు తాయెత్తు కాదు. నష్టములో సహితము ఆయన తన పనిని, తన బిడ్డలను విడిచిపెట్టడు. మిరప ధర పడిపోయిన రైతు, పరీక్ష తప్పిన కుమారుని చూచి కుమిలిపోవు తల్లి, పదిమందితో ఆరాధన జరుపు పల్లె పాస్టరు, వీరికి ఆదరణ ఇచ్చునది ఈ సత్యమే.

కాబట్టి ప్రియులారా, ఫలము లెక్కపెట్టుట మన పని కాదు. నేటి దినమునకు అప్పగింపబడిన పనిని చేసి, రాత్రి నెమ్మదిగా నిద్రించుదము. రేపటి ఉదయము కొరకు ఆయన కృప ముందుగానే సిద్ధపడియున్నది. డెబ్బది ఆరేండ్ల వృద్ధునికి చాలిన ఆ కృప, మరియొక నూరేండ్ల ప్రయాణమునకు మన సంఘములకును చాలును. ఆయనకే మహిమ కలుగును గాక. ఆమేన్.