శిశువిద్యాగురువు ఫ్రోబెల్

నెల్లూరు మండలపు సముద్రతీరమున ఉదయవేళ నాడుకొను చిన్నబిడ్డలను మనము చూచుచునే యుందుము. కడలికి వీపు పెట్టి పరుగెత్తినచో నీడ ముందు పోవును. కడలివైపు మరలినచో వెంబడించును. దానిని త్రొక్కవలెనని బిడ్డ యెగిరి దూకును, అది చిక్కదు. పెద్దలు దీనిని పనిలేని యాటగా నెంచి, పలక చేతికిచ్చి కూర్చుండబెట్టుదురు. ఇట్టి యాటయే చదువునకు మొదటి మెట్టని నమ్మి, ఆ నమ్మకమునకై జీవితమును ధారపోసిన మహనీయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. ఆయన చరిత్రము విద్యార్థులకును, ఉపాధ్యాయవృత్తి నవలంబింపదలచిన వారికిని తెలియదగినదని యెంచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఫ్రోబెల్ 1782 వ సంవత్సరము ఏప్రిల్ 21 వ తేదీన జర్మనీదేశమున, తురింగియా కొండసీమలోని ఓబర్‌వైస్‌బాఖ్ గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. శిశువునకు తొమ్మిది నెలలు నిండునప్పటికి తల్లి గతించెను. తండ్రికి తీరిక లేదు. సవతితల్లికి సొంతబిడ్డ కలిగిన పిమ్మట ఈతనిపై ప్రేమ సన్నగిల్లెను. ఇంటి చుట్టును గోడలు, కంచెలు. బాలునికి ధారాళముగా కనవచ్చునది పైనున్న యాకాశమొక్కటే. పదియవ యేట మేనమామ తన యింటికి గొనిపోయిన తరువాత గాని స్వేచ్ఛ యెట్టిదో యెరుగడు. ఆదరణలేని బాల్యమెంత చీకటియో యనుభవించినవాడు గావుననే పరుల బిడ్డలకు వెలుగు చూపవలెనను కోరిక ఆయన హృదయమున నాటుకొనెనని మేము తలంతుము.

యౌవనమున ఆయన ఒక వృత్తియందు కుదురుగా నిలువలేదు. రెండేండ్లు అడవి యధికారివద్ద పని నేర్చెను. యేనా విశ్వవిద్యాలయమున జేరి, అప్పు తీర్పలేక చెరపాలయ్యెను. 1805 లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున ఉపాధ్యాయుడైన పిదపనే బోధన తన పని యని యెరిగెను. స్విట్జర్లాండునందలి పెస్టలాజీ పండితుని పాఠశాలకేగి, 1808 మొదలు 1810 వరకు ఆయన పద్ధతిని పరిశీలించెను. 1813 లో నెపోలియనుతో జరిగిన యుద్ధమున స్వచ్ఛందసైనికుడయ్యెను. అనంతరము బెర్లినులో ఖనిజప్రదర్శనశాలయందు సహాయకుడై స్ఫటికముల యమరికను పరిశోధించెను. రాతియందును ఒక క్రమము గలదని కనుగొని, శిశువు మనస్సును లోపలినుండి వికసించునదే గాని వెలుపలినుండి నింపదగిన కుండ గాదని నిశ్చయించెను.

1816 లో పాఠశాల స్థాపించి, మరుసటి యేట దానిని కైల్‌హౌ గ్రామమునకు మార్చెను. 1837 లో బ్లాంకెన్‌బర్గున చిన్నబిడ్డలకొక సంస్థ నెలకొల్పి, 1840 లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశువుల తోట, అని పేరిడెను. ఊలుబంతులు, కొయ్యగోళములు, కొయ్యఘనములు అచటి పాఠ్యసాధనములు.

1844 లో తల్లులకొరకు ఆయన ప్రకటించిన ఆటపాటల గ్రంథమున వెలుగునీడలకు సంబంధించిన క్రీడలు రెండు గలవు. మొదటిది వెలుగుపిట్ట. అద్దమును ఎండకు త్రిప్పి గోడపై వెలుగుచుక్క నాడింతురు. బిడ్డ పట్టుకొనబోవును, గుప్పిట విప్పిన నేమియు లేదు, వెలుగు చేతిమీదనే వ్రాలియుండును. కంటికి కనబడునదెల్ల చేతికి చిక్కదని యెవరును చెప్పకయే గ్రహించును. రెండవది నీడకుందేలు. దీపమునకు గోడకు నడుమ వ్రేళ్లు మడచి చెవులపిల్లిని జేయుదురు. చేతిని దీపమునకు దగ్గర జరిపినచో కుందేలు పెరుగును. గోడకు దగ్గర జేర్చినచో చిన్నదై యంచులు తీరును. దీప మార్పినచో మాయమగును. వెలుగు, అడ్డుపడు వస్తువు, గోడ, ఈ మూడును గూడిననే నీడ యని బిడ్డ తెలిసికొనును.

ఈ విద్య మన దేశమునకు క్రొత్తగాదు. మన తోలుబొమ్మలాటయందు తెర వెనుక దీపముంచి బొమ్మలాడింతురు. పలుచని తోలునకు రంగులు వేయుటచే వెలుగు దానిగుండ చొచ్చి రంగునీడ పడును. చేతినీడ నల్లనిదేల, బొమ్మనీడ రంగులదేల యని యడిగినచో బిడ్డలే యాలోచింతురు. మైపాడు తీరపు టిసుకలో నిలువుగా కర్ర నాటి, నీడకొన నప్పుడప్పుడు గవ్వతో గుర్తించినచో ప్రొద్దు నడక తెలియును. ఏప్రిల్ నెలాఖరునను, ఆగష్టు నెల నడుమను సూర్యుడు మన నడినెత్తికి వచ్చుటచే ఆ మధ్యాహ్నమున కర్రకు నీడయే యుండదు. ఫ్రోబెల్ సీమలో సూర్యుడెన్నడును నడినెత్తికి రాడు. ఆయనకు లభింపని యాట మన బిడ్డలకు లభించినది.

1851 ఆగష్టులో ప్రష్యా ప్రభుత్వము శిశూద్యానములను నిషేధించెను. అవి నాస్తికమును సామ్యవాదమును నేర్పుచున్నవని యపవాదు. ఆయన యన్నకొడుకు కార్ల్ వ్రాతలను ఆయనవిగా పొరబడుటయు నందుకు కారణము. వృద్ధుడు మొరపెట్టుకొనినను ఫలింపలేదు. 1852 జూన్ 21 వ తేదీన మరియెంటాలున కన్నుమూసెను. నిషేధము 1860 లో తొలగెను, ఆయన చూడలేదు. కాని శిష్యులును శిష్యురాండ్రును ఆ పద్ధతిని దేశదేశములకు గొనిపోయిరి.

చదువరులారా! ఈ పాఠమునకు ధనముతో పనిలేదు. ఒక దీపము, ఒక గోడ, రెండు చేతులు, కొంత యోపిక చాలును. మీ యింట చిన్న తమ్ముడో చెల్లెలో నీడ వెంట పరుగెత్తునప్పుడు కోపగింపక, ఆ నీడ యెచటినుండి వచ్చెనని యడుగుడు. సమాధానము మీరు చెప్పకుడు; వారిని వెదకనిండు.